రెండు సెంట్లు కొనేముందు మురుగు బోదె చూశాం

భీమవరంలో సొంతంగా చిన్న ఇల్లు కట్టుకున్నామని తెలిసిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్నారు. సెంటు ఎంత పడింది, మొత్తం ఎంతైంది, ప్రభుత్వం ఎంతిచ్చింది అని. అన్నీ చెబుతాను. వీటికంటే ముందు అడగాల్సింది మాత్రం ఒకటుంది. ఆ స్థలంలో పడ్డ వాన ఎటు పోతుంది? ఆ నీళ్ళని బయటికి పంపే చిన్న కాలువనే మేము మురుగు బోదె అంటాం. తక్కువ డబ్బుతో ఇల్లు కట్టుకునేవాళ్ళని మన డెల్టాలో నిలువునా ముంచేది ఆ ఒక్క సంగతి పట్టించుకోకపోవడమే.

నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. మా ఆయన ఎలక్ట్రీషియన్. సీజన్లో రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తారు, మిగతా రోజుల్లో ఇళ్ళ వైరింగ్ పనులు. ఇద్దరిదీ కలిపినా ఏడాదికి మూడు లక్షల లోపే. పెళ్ళయినప్పటి నుంచి గునుపూడి వైపు అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. 2022 ఏప్రిల్‌లో పశ్చిమగోదావరి జిల్లాకు భీమవరం కేంద్రమయ్యాక ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, అద్దెలు ఇంకా పెరిగాయి. స్థలాల సంగతైతే చెప్పక్కర్లేదు. రొయ్యల మీద వచ్చిన డబ్బూ, విదేశాల నుంచి పిల్లలు పంపే డబ్బూ చివరికి ఇక్కడి స్థలాల మీదే పడతాయి. అది తప్పని నేననను. కానీ షెడ్లలో రొయ్యల తలకాయలు తీసే ఆడవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, పెద్దవాళ్ళకి వండిపెట్టేవాళ్ళు కూడా ఈ ఊళ్ళోనే కదా బతకాలి. వాళ్ళకి పనికి దగ్గర్లో, నీళ్ళు నిలవని చోట ఒక గది, ఒక వంటిల్లు ఉండాలన్నది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం.

మా నాన్నగారు పసుపు కుంకుమల కింద నాకిచ్చిన పాతిక సెంట్ల చేను ఉండేది. అది అమ్మి, ఊరి అంచున రెండు సెంట్లు, అంటే సుమారు 97 గజాలు కొందామని బయల్దేరాం.

మొదట ఒక బ్రోకరు తీసుకెళ్ళిన చోటు వరిచేల మధ్య వేసిన వెంచర్. హద్దురాళ్ళకు తెల్ల రంగు, వరసగా జెండాలు, ముందు పెద్ద ఆర్చి. మిగతా చోట్ల సెంటు నాలుగు లక్షలు చెబుతుంటే ఇక్కడ రెండున్నరకే ఇస్తామన్నారు. మా ఆయన మొహం వెలిగిపోయింది. మాతో వచ్చిన మా అత్తయ్య మాత్రం ప్లాట్లు చూడకుండా గట్టు పట్టుకుని చివరిదాకా నడిచి వెళ్ళి చూసొచ్చింది. ఆవిడ వయసులో ఉండగా ఆ చుట్టుపక్కల చేలన్నిట్లో నాట్లు వేసిన మనిషి.

"బాబూ, ఈ పక్కన మురుగు బోదె ఉండాలి. ఏది?" అంది.

"రోడ్డు వెడల్పు కోసం పూడ్చేశారండి. ఇప్పుడిక వ్యవసాయం లేదు కదండీ, బోదెతో పనేముంది?" అన్నాడు బ్రోకరు.

ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "ఊరికే ఇచ్చినా ఒద్దు" అంది.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది తెలిసిందే అయినా, ఇప్పుడు ప్లాట్లు కొనేవాళ్ళలో చాలామంది చేలో దిగినవాళ్ళు కాదు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ ప్రతి చేనుకూ పంట బోదె ఒకటి, మురుగు బోదె ఒకటి ఉంటాయి. పంట బోదె కాలువ నుంచి నీళ్ళు తెస్తుంది. మురుగు బోదె ఎక్కువైన నీటిని చిన్న డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి పెద్ద డ్రెయిన్‌లోకి పంపుతుంది. మన ఊరి వైపు ఆ పెద్ద డ్రెయిన్ యనమదుర్రు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చి డెల్టా పచ్చబడింది. మురుగు దిగడం మాత్రం తరాల తరబడి సమస్యగానే ఉండిపోయింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల కోసం డ్రెయినేజీ సెస్సు అని ప్రత్యేకంగా చట్టం చేసి మరీ రైతుల దగ్గర వసూలు చేశారు. అంటే ఈ బోదెలూ డ్రెయిన్లూ ఉత్త గోతులు కావు, రైతులు డబ్బు కట్టి నిలబెట్టుకున్న ఏర్పాటు. పైన ఇళ్ళు లేచినంత మాత్రాన వాటి పని అయిపోదు. పొలం నీళ్ళు తాగుతుంది, కొంత ఇంకిస్తుంది. సిమెంటు రోడ్డూ, శ్లాబూ చుక్క కూడా తాగవు. చేలు ప్లాట్లయ్యాకే బోదె అవసరం పెరుగుతుంది.

అయినా ధర చూసి మా ఆయనకి మనసు లాగుతూనే ఉంది. ఆ అక్టోబరులో అల్పపీడనం పట్టి ముసురు మొదలైంది. రెండో రోజు ఇద్దరం బండి మీద వెళ్ళి చూశాం. హద్దురాళ్ళ తలలు మాత్రం కనబడుతున్నాయి. వెంచర్‌కి ఎగువన ఒక రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. సార్వా చేను, అంటే వానాకాలం వరి, పొట్ట మీద ఉంది, మోకాలి లోతు నీళ్ళలో ఉంది. మమ్మల్ని చూసి, "ప్లాటు కొనడానికొచ్చారామ్మా? ఎప్పుడు ముసురు పట్టినా ఈ నీళ్ళు రెండో రోజుకల్లా దిగిపోయేవి. ఆ బోదె పూడ్చాక వారం అయినా కదలట్లేదు. మీరు ఇల్లు కడితే నీళ్ళు మీ గుమ్మంలో ఉంటాయి, నా చేను ఎటూ కుళ్ళిపోతుంది" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, విసిగిపోయి ఉన్నాడు. ఆ నీళ్ళలో మునిగింది ఆయన పంట. మేము డబ్బు కడితే మునిగేది మా ఇల్లు. కారణం రెండింటికీ ఒకటే.

బ్రోకరుని అడిగితే "ఎల్‌ఆర్‌ఎస్ కట్టేస్తే అన్నీ క్లియర్ అయిపోతాయండి" అన్నాడు. ఈ మాట చాలామంది నమ్ముతారు. ఎల్‌ఆర్‌ఎస్ అనేది అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటుని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. 2020 నాటి నిబంధనల్లో, పార్కుకు ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలని పెట్టారు. అంటే చౌకగా వచ్చిందనుకున్న ప్లాటుకి తర్వాత మనమే కట్టుకోవాలి. అంత కట్టినా కాగితం సరవుతుందేగానీ బోదె తిరిగి రాదు. పైగా నీటి దారుల్లో, చెరువు గర్భాల్లో పడ్డ ప్లాట్లకి ఆ అవకాశమే లేదు. సచివాలయంలో సర్వేయరు గారిని అడిగి ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ చూశాం. ఎఫ్‌ఎంబీ అంటే పొలం హద్దులూ కొలతలూ ఉండే పాత పటం. బోదె అందులో స్పష్టంగా గీసి ఉంది. మాకు చూపించిన ప్లాట్లలో కొన్ని దాని మీదే పడ్డాయి.

తర్వాత అనుమతి ఉన్న లేఅవుట్లే చూశాం. మెయిన్ రోడ్డుకి కొంచెం లోపలికి, ఆటో దొరికే చోట, ఒకటి నచ్చింది. సెంటు నాలుగు లక్షలు. కాగితాల పని గురించి ఎక్కువ రాయను, ఎవరైనా చెబుతారు. ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), ఆ నంబరుతో ఉన్న ప్లాను కాపీ, ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు). ఈ రెండు మాత్రం తప్పకుండా అడగండి. రోడ్లూ, పది శాతం ఖాళీ స్థలమూ పురపాలక సంఘానికి గిఫ్ట్ డీడ్ చేశారా అన్నది ఒకటి. లేఅవుట్ వేసినవాళ్ళు రోడ్లూ డ్రెయిన్లూ పూర్తి చేస్తారని హామీగా 15 శాతం ప్లాట్లు తనఖా పెడతారు, మీరు కొనే ప్లాటు వాటిలో ఉందా అన్నది రెండోది. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం అవుతుంది. స్థలం ధరతో పాటు ఆ డబ్బు కూడా పక్కన పెట్టుకుని దిగాలి.

ఇక్కడ మురుగు బోదె ఉంది. సిమెంటు గోడలు కట్టి, పైన పలకలేసి, లేఅవుట్ చివర తూము దాకా తీసుకెళ్ళారు. మా అత్తయ్య వంగి పలకల సందులోంచి చూసి, నీళ్ళు పారుతున్నాయని తేల్చుకున్నాకే సరేనంది.

స్థలం నా పేరున రిజిస్టరు అయ్యాక ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతకి దరఖాస్తు పెట్టాం. ఇది 2024 సెప్టెంబరులో మొదలైంది. సొంత స్థలం ఉన్నవాళ్ళు కట్టుకోవడానికిచ్చే విభాగాన్ని బీఎల్‌సీ అంటారు. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష, కలిపి రెండున్నర లక్షలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడు లక్షల లోపు ఉండాలి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత ఇరవై ఏళ్ళలో ప్రభుత్వ ఇంటి పథకం ఏదీ తీసుకుని ఉండకూడదు. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాలో ఉండాలి. కేంద్రం వాటా 40, 40, 20 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. ప్రతి దశలోనూ ఇంటి ముందు నిలబెట్టి జియోట్యాగ్ ఫొటో తీస్తారు. ఇంట్లో అందరి ఆధార్‌లూ, వాటిలో పేర్ల స్పెల్లింగులూ ముందే సరిచూసుకోండి. మా ఆయన ఇంటి పేరు ఒకచోట ఒకలా, ఒకచోట ఇంకోలా ఉండి చాలా టెన్షన్ పెట్టింది.

రెండున్నర లక్షలతో ఇల్లు పూర్తవదు. మాకు తొమ్మిది లక్షల దాకా అయింది. చేను అమ్మగా మిగిలింది, ఒక చీటీ పాట, డ్వాక్రా గ్రూపు లోను, కొంత మా ఆయన వైరింగ్ పని తనే చేసుకోవడం. ఇవన్నీ కలిస్తేనే పైకప్పు పడింది.

ఇక పునాది. మాది నల్లరేగడి. ఎండాకాలం పగుళ్ళిచ్చి కుంచించుకుపోతుంది, వానలకి ఉబ్బుతుంది. మామూలు పునాది ఆ కదలికకి తట్టుకోక గోడలు చీలతాయి. ఇంజినీరు గారు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పుగా ఉండి నేలలోకి దిగే కాంక్రీటు స్తంభాలు వేయమన్నారు. పైల్ ముఠా వచ్చి, ఆగర్ అనే ఇనప బర్మాని నలుగురు పట్టుకుని చుట్టూ తిరుగుతూ తవ్వారు. మూడడుగుల దాకా నల్లటి గట్టి మట్టి, తర్వాత చేతికి అంటుకుంటే ఒదలని జిగట. నాలుగడుగులు దాటగానే నీరు ఊరడం మొదలైంది. పదకొండు, పన్నెండు అడుగుల లోతులో మట్టి పసుపు రంగుకి తిరిగింది. ముఠా మేస్త్రి గారు ఆ ముద్ద నా చేతిలో పెట్టి, "ఇదండి టీచరమ్మగారూ, ఎండకీ వానకీ కదలని మట్టి. ఇక్కడిదాకా దిగితేనే పైల్" అన్నారు. అప్పుడు ఆగర్ తీసేసి, రెక్కలు విచ్చుకునే ఇంకో పనిముట్టు దించి అడుగున తవ్వారు. పది అంగుళాల గొయ్యి అడుగున పాతిక అంగుళాలకి వెడల్పయింది. కాంక్రీటు పోశాక అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి, పైన మట్టి ఎంత కదిలినా ఇంటిని పట్టుకుంటుంది. పైల్స్ తలల మీద బీము, దాని మీద గోడలు. ఒకే అంతస్తు ఇంటికి ఇంత అవసరమా అని చాలామంది అన్నారు. నా ఉద్దేశంలో మన నేలలో పేదవాళ్ళు ఖర్చు తగ్గించుకోకూడనిది ఏదైనా ఉంటే అది నేల కిందిదే. టైల్స్ తర్వాతైనా వేసుకోవచ్చు.

రెండో గట్టి పట్టు నీళ్ళ మీద పట్టాను. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. మేస్త్రి బోరు నీళ్ళతోనే కాంక్రీటు కలపబోతే ఆపించి, మాకు తెలిసిన లెక్చరర్ గారి ద్వారా కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించాం. ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఉంది. మా బోరుది దానికి చాలా పైన వచ్చింది. ఆ నీళ్ళతో పోస్తే లోపలి ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్ళకే శ్లాబు పెచ్చులూడుతుంది. దాంతో కాలువ నీళ్ళు ట్యాంకర్లతో తెప్పించాం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, ఆ తర్వాత ఊరంతా సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల మీదే ఆధారం. అందుకని కాలువలు కట్టేసేలోపే శ్లాబు పోయాలని, పోశాక పది రోజులు తడుపుకోవడానికి నీళ్ళుండాలని లెక్కేసుకుని పనులు నడిపించాం. ఇసుకకి 2024 జులై నుంచి ధర లేదు, లోడింగూ రవాణా ఖర్చూ మాత్రమే. అది మాలాంటివాళ్ళకి నిజంగా ఊరట.

అసలు తగువు మెరక దగ్గర వచ్చింది. మేము బేస్‌మెంటు ఎత్తు రోడ్డు మీద రెండడుగులు అనుకున్నాం. పక్క ప్లాటు ఆయన నాలుగడుగులు వేస్తానన్నారు. ఎదురింటివాళ్ళు అయితే మేము అయిదు అన్నారు. మెట్ట నుంచి టిప్పర్లలో గ్రావెల్ తెచ్చి ఎవరికి వాళ్ళు ఎత్తు పెంచుకుంటూ పోతే ఆ నీళ్ళు ఎవరో ఒకరింట్లోకి పోవాల్సిందే. డబ్బున్నవాళ్ళ ఇల్లు ఎత్తులో, లేనివాళ్ళది పల్లంలో. మా ఊళ్ళో పాత వీధులు చాలావాటికి ఇదే గతి పట్టింది. రోడ్డు మీద రోడ్డు వేసి, ఇళ్ళు రోడ్డు కంటే కిందకి పోయాయి.

ఒక ఆదివారం పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలంలో ప్లాట్లవాళ్ళందరినీ పిలిచాం. మాటామాటా అనుకున్నారు. "మా స్థలం, మా ఇష్టం" అన్నవాళ్ళున్నారు. మా అత్తయ్య లేచి, "చేలోనైతే గట్టు కాస్త ఎత్తు చేస్తేనే పక్క రైతు ఊరుకోడు. ఇక్కడ ఇళ్ళండీ" అంది. చివరికి అందరూ రోడ్డు మధ్య మట్టం నుంచి రెండున్నర అడుగుల ఎత్తుకి ఒప్పుకున్నారు. అయిదడుగులన్న ఎదురింటాయన కూడా, డ్రెయిన్ బాగా నడిచేలా అందరం చూసుకుంటామని మాటిస్తేనే అని ఒప్పుకున్నారు. సర్వేయర్‌ని పెట్టి లెవల్ తీయించి, కరెంటు స్తంభాల మీద ఎర్ర గీతలు కొట్టించాం. వాళ్ళతో పోటీగా ఎత్తు పెంచాల్సిన పని తప్పి, మాకు గ్రావెల్ ఖర్చు చాలా కలిసొచ్చింది.

ఇది ప్లాట్లవాళ్ళం మాలో మేము చేసుకున్నాం గానీ, నిజానికి లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడే రోడ్డు లెవలూ, ఇళ్ళ బేస్‌మెంటు లెవలూ రాసివ్వాలి. ఏ బోదె ఎటు పోతుందో చూపించే పటం సచివాలయం గోడ మీద అందరికీ కనబడేలా పెట్టాలి. మా స్కూలు ఆయాకి పట్టణ పేదల కోటాలో సెంటు స్థలం వచ్చింది. 2020 నాటి పట్టాల్లో పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు, ఇప్పుడు రెండు సెంట్లు అంటున్నారు. పెంచడం మంచిదే. కానీ ఆవిడ స్థలం ఊరికి దూరంగా పల్లపు చేలలో ఉంది. మెరకకే ఉన్న డబ్బు అయిపోయి గోడలు సగంలో ఆగాయి. ఆ ఇంట్లో చేరినా స్కూలుకి రావడానికి ఆటోకి పోయేదెంత, మిగిలేదెంత? స్థలం ఎన్ని సెంట్లన్న దానితో పాటు ఆ స్థలం ఎంత ఎత్తులో, పనికి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆవిడ నాకంటే ఎక్కువ కష్టపడుతుంది, ఆవిడకి నా ఇంటి కంటే తక్కువైన ఇల్లు ఎందుకు రావాలి?

శ్రావణంలో ఇంట్లో చేరాం. ఆ నెలలోనే రెండు పెద్ద వానలు పడ్డాయి. వీధిలో పాదాలు మునిగేంత నీళ్ళు నిలిచాయి, సాయంత్రానికి దిగిపోయాయి. లేఅవుట్ చివర తూము దగ్గర మాత్రం నీళ్ళు వెనక్కి తన్నాయి. వెళ్ళి చూస్తే గుర్రపుడెక్క అడ్డం పడి ఉంది. తూములో వేసిన గొట్టం కూడా చిన్నది. చేలున్నప్పుడు సరిపోయేదేమో, ఇన్ని ఇళ్ళ నీళ్ళకి చాలదు. ఇంటికింత అని చందాలేసుకుని గుర్రపుడెక్క తీయించాం. మున్సిపల్ ఇంజినీరు గారు వచ్చి కొలతలు తీసుకుని, గొట్టం బదులు బాక్సు కల్వర్టు కట్టాలని అంచనా రాశారు. కాలువలకి నీళ్ళొదిలితే అక్కడ తవ్వడం కుదరదు, కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో కాలువలు కట్టేసిన వెంటనే పని మొదలుపెట్టమని అర్జీ ఇచ్చాం. దాని మీద మా కాలనీవాళ్ళతో పాటు తూముకి ఎగువన చేలున్న రైతులు కూడా సంతకాలు పెట్టారు.